రాచకొండ రేచర్లవారి వంశావళి

మనుష్యునకు పేరు తల్లిదండ్రులు పెట్టుదురు. ఇంటిపేరు మాత్రము పుట్టుకతోనే వచ్చును. ఆ ఇంటిపేరు ఎక్కడినుండి వచ్చినది, దానిని మొదట ధరించినవా రెవరు, వారు ఏ ఊరినుండి ఏ ఊరికి ఏల తరలివచ్చిరి అని అడిగినచో బదులు చెప్పగలవారు పదిండ్లకు ఒక రుందురో లేదో! పితృకర్మలయందు తండ్రిని వసురూపునిగాను, తాతను రుద్రరూపునిగాను, ముత్తాతను ఆదిత్యరూపునిగాను స్మరించుట మన ఆచారము. ఆ మూడు పేళ్లు దాటినపిమ్మట స్మృతి సన్నగిల్లును. నాలుగవ తరమునుండి మనవారందరును పేరులేని పెద్దలగుదురు.

కావుననే పూర్వులు వంశకథనమును ఒక విద్యగా పెంపొందించిరి. మహాభారతమున ఆదిపర్వమునందును, భాగవతమున నవమస్కంధమునందును రాజవంశానుక్రమము విస్తరముగా చెప్పబడినది. కాళిదాసు ఒక వంశమునే కావ్యవస్తువుగా గైకొని రఘువంశమును రచించెను. మన తెలుగు ప్రబంధకవులు అవతారికయందు కృతిపతి వంశవర్ణన చేయక కథారంభము చేయుట అరుదు. అయితే ఇవియన్నియు రాజులకును సంపన్నులకును సంబంధించినవని తలంపరాదు. మన తెలంగాణమున కాపులకు పిచ్చకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు గోత్రములు, కులకథలు, పెద్దల పేళ్లు చెప్పి త్యాగము గొనిపోవుచుండిరి. ఏ కులమువారి వంశకథ ఆ కులము నాశ్రయించిన గాయకుల నోట నిలిచియుండెను. వారి రాకపోకలు తగ్గినకొలది ఆ వంశకథలును మాసిపోయినవి.

భక్తివలననే గాక భుక్తివలనను వంశవృక్షము అవసరమైనది. హైదరాబాదు రాజ్యమున మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ పనులు వంశపారంపర్య వతనులుగా నుండెడివి. వతనుదారుడు గతించినప్పుడు హక్కుదారులు కచ్చేరిలో షజ్రా, అనగా వంశవృక్షము, దాఖలు చేయవలసియుండెడిది. ఇనాము భూములకు ముంతఖబు పొందుటకును ఇదియే ఆధారము. ఒక పేరు ఎక్కువైనను తక్కువైనను వాటాలు మారును. అందుచేత కచ్చేరికి చేరిన షజ్రాలలో నిజమెంతయో, నేర్పెంతయో తెలిసికొనుటకు సాక్షులను విచారించుట, పాత కాగితములతో సరిచూచుట తప్పనిసరి యయ్యెను. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దైనవి గాని ఆ పరిశీలనాపద్ధతి చరిత్రకారునకును నేటికిని పనికివచ్చును. దానిని ఒక సుప్రసిద్ధ వంశమునకు వర్తింపజేసి చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆ వంశము మనకు దూరపుది కాదు. బాటసింగారమునకు ఆగ్నేయదిశగా, సంస్థాన్ నారాయణపురము దగ్గర, గుట్టల నడుమ రాచకొండ దుర్గము కలదు. ఒక్క దినములో పోయి చూచి రాదగిన చోటు. 2016లో ఈ ప్రాంతమునకు ఏర్పరచిన పోలీసు కమిషనరేటునకు ఆ కోట పేరే పెట్టిరి. అందుచేత ఆ పేరు పిల్లలకు సైతము సుపరిచితమైనది. ఆ కోటనేలినవారి పేళ్లు మాత్రము పెద్దలకును తెలియవు. వారు రేచర్లగోత్రజులైన పద్మనాయకులు. వారి సంతతివారే తరువాత వెలుగోటివారై వెంకటగిరి నేలిరి.

ఈ వంశచరిత్రకు మూడు విధములైన ఆధారములున్నవి. మొదటిది వెలుగోటివారి వంశావళి. ఇది ఆయా పురుషుల శౌర్యమును, దానమును, బిరుదములను కొనియాడుచు చెప్పిన పద్యముల సంపుటి. దీనిని నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరించి, విపులమైన పీఠికతో 1939లో మదరాసు విశ్వవిద్యాలయము ద్వారా ప్రకటించిరి. రెండవది శాసనములు. మన ప్రాంతపు శాసనములను వెలికి తెచ్చుటలో 1922లో స్థాపితమైన లక్ష్మణరాయ పరిశోధకమండలి చేసిన కృషి మరువరానిది. ఆ మండలి తెలంగాణా శాసనముల మొదటి భాగమును 1935లో ప్రచురించెను. మూడవది ఆ వంశీయులును, వారి ఆశ్రితులును రచించిన గ్రంథములు. ఈ మూటిని ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచినప్పుడే నిజము తేలును.

మూలపురుషుని కథ

వంశావళి ప్రకారము మూలపురుషుడు చెవ్విరెడ్డి. అతడు ఆమనగల్లువాడు. భేతాళుని జయించి భేతాళనాయకుడని పేరొందెనట. అతనికి పొలములో నిధి దొరకినదనియు, ఆ నిధి బలి కోరగా అతని జీతగాడు, మాలకులమునకు చెందిన రేచడు, తన ప్రాణమును తానే ఇచ్చుట కొప్పుకొనెననియు కథ చెప్పుచున్నది. రేచడు ఊరక ఒప్పుకొనలేదు. ఈ వంశము తన పేర వెలయవలెననియు, ఈ ఇంట పెండ్లి జరుగునపుడు ముందుగా తన కులమువారి పెండ్లి జరిపింపవలెననియు మాట తీసికొనెను. ఆ మాట చొప్పున వంశము రేచర్లగోత్రము అయ్యెననియు, పెండ్లి ఆచారము చిరకాలము సాగెననియు ఐతిహ్యము.

ఈ కథను చరిత్రగా గ్రహింపవచ్చునా? ఇచట శాసనములు ఒక చిక్కు తెచ్చిపెట్టుచున్నవి. సూర్యాపేట దగ్గరనున్న పిల్లలమఱ్ఱిలో రేచర్ల నామిరెడ్డి వేయించిన శాసనము 1195 నాటిది. పాలంపేటలో రామప్పగుడి కట్టించిన రుద్రసేనానియు రేచర్లవాడే. ఆ శాసనము 1213 నాటిది. వీరు రేచర్ల రెడ్లు, కాకతీయుల సేనానులు. పద్మనాయకుల మూలపురుషుడు గణపతిదేవుని కాలమువాడని వంశావళి తాత్పర్యము. గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చినది 1199లో. అనగా పద్మనాయకుల భేతాళుడు ప్రసిద్ధికి వచ్చుటకు పూర్వమే రేచర్ల యను పేరు వాడుకలో నున్నది. కనుక పేరునుబట్టి కథ పుట్టినదే గాని కథనుబట్టి పేరు పుట్టలేదనుట యుక్తియుక్తము.

అంతమాత్రమున కథను త్రోసివేయుటయు న్యాయము కాదు. కథలో సంఘటన కల్పితమైనను అది ఏ భావమును కాపాడుచున్నదో చూడవలెను. రాజ్యమేలిన ఒక వంశము తన పేరునకు మూలము తన జీతగానియందు చూపుచున్నది. నిధి దొరకినది దొరకు. ప్రాణము పోయినది జీతగానికి. ఆ ఋణమును దాచుటకు ఎన్నేని మార్గము లుండగా, ప్రతి పెండ్లియందును దానిని జ్ఞప్తికి తెచ్చుకొను ఏర్పాటు కథలోనే కలదు. సంపదకు మూలమైన వాని పేరు వంశవృక్షమున కొమ్మగా లేకపోయినను వేరుగా నున్నది. బలి ఇచ్చుట ఘోరము. ఆ సంగతిని మరపింపక చెప్పుట ఒప్పు.

తరముల లెక్క

భేతాళుని పిమ్మట వచ్చువారి విషయమున నేల గట్టిపడును. ప్రసాదిత్యనాయకుడు రుద్రమదేవి కాలమువాడు. ఆమె 1262 ప్రాంతమున సింహాసన మెక్కినప్పుడు ఆడుది రాజ్యమేలుటకు సహింపనివారు తిరుగబడిరనియు, ప్రసాదిత్యుడు ఆమెకు అండగా నిలిచెననియు ప్రతీతి. కాకతీరాజ్యస్థాపనాచార్యుడను బిరుదము దానివలననే వచ్చెనందురు. ఆ తరువాతి తరమున వెన్నమనాయకుడు, అతనికి ఎఱదాచానాయకుడు. ఎఱదాచడును, దాయాదియగు నల్లదాచడును ప్రతాపరుద్రుని పక్షమున దక్షిణదేశమున పాండ్యులతో పోరాడిరి. ఎఱదాచని కొడుకు సింగమనాయకుడు. 1323లో ఓరుగల్లు పతనమైనపిమ్మట దేశము ఛిన్నాభిన్నముకాగా ఇతడు బలపడెను. జల్లిపల్లి ముట్టడియందు 1361 ప్రాంతమున శత్రువులు కుట్రచే ఇతనిని చంపించిరి. కుమారులు అనపోతానాయకుడు, మాదానాయకుడు తండ్రి పగ తీర్చుకొనిరి. అనపోతడు ఓరుగల్లు నేలుచున్న కాపయనాయకుని భీమవరము యుద్ధమున సంహరించెను. 1369 నాటి అయినవోలు శాసనమున అతడు ఆంధ్రదేశాధీశ్వరుడని చెప్పుకొనెను. రాచకొండ అనపోతనికిని, దేవరకొండ మాదానాయకునికిని రాజధానులైనవి. శ్రీశైలమునకు ఉత్తరపు దారిలోనున్న ఉమామహేశ్వరమున 1376 నాటి శాసనము కలదు. ఆ క్షేత్రమునకు యాత్రికులు ఎక్కిపోవుటకు సోపానములు కట్టించిన పుణ్యమును ఈ అన్నదమ్ముల కాలము స్మరించుచున్నది.

అనపోతని కుమారుడు సర్వజ్ఞ సింగభూపాలుడు. ఇతడు రాజు మాత్రమే కాదు, పండితుడు. నాట్యశాస్త్ర రసశాస్త్రములకు సంబంధించిన రసార్ణవసుధాకరమును, కువలయావళి యను నాటికను సంస్కృతమున రచించెను. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు వ్యాఖ్యానము ఇతని పేర నున్నది. విశ్వేశ్వరుడు ఇతనిని స్తుతించుచు చమత్కారచంద్రికను వ్రాసెను.

రసార్ణవసుధాకరపు మొదట సింగభూపాలుడు తన వంశమును తానే చెప్పుకొనెను. వంశపరిశోధకునకు ఇంతకంటె విలువైన సాక్ష్యము వేరొకటి లేదు. అందులో దాచానాయకుడు, అతని కొడుకు సింగడు, అతని కొడుకులు అనపోతడు, మాధవుడు, అనపోతనికి అన్నమాంబయందు కలిగిన సింగభూపాలుడు కనబడుదురు. ఆపైన సింగభూపాలుని ఆరుగురు కుమారుల పేళ్లు వచ్చును. ఇందులో రెండు విశేషములున్నవి. మొదటిది, రాజు తన వంశమును ముత్తాతయగు దాచనితో మొదలుపెట్టెను. భేతాళుని మాట గాని నిధి మాట గాని ఎత్తలేదు. తాను చూచినవారిని, చూచినవారు చెప్పగా విన్నవారిని మాత్రమే చెప్పెనన్నమాట. మన శ్రాద్ధమంత్రమును మూడు తరములతోనే ఆగును గదా! రెండవది, అతడు తమ కులమును నాలుగవ వర్ణముగానే చెప్పుకొని, విష్ణుపాదమునందు పుట్టిన వర్ణము గంగకు తోడబుట్టినదని గౌరవముతో పేర్కొనెను. సూర్యునితోనో చంద్రునితోనో చుట్టరికము కలుపుకొనలేదు.

ఈ రెండవ విషయము సామాన్యమైనది కాదు. కాకతీయుల సంగతి చూడుడు. 1244 నాటి మోటుపల్లి శాసనమున గణపతిదేవుని వంశము మనువు, ఇక్ష్వాకువు, రఘువు, రాముడు అను వరుసలో చెప్పబడినది. ఇతర శాసనములలో అదే వంశము చతుర్థవర్ణపుది. ఒకే కుటుంబమునకు రెండు పుట్టుకలు! రాజ్యము పెరిగినకొలది తాతలును పెరుగుదురు. నిజమైన తాతలు కావలెనన్నచో స్తుతిని దాటి చూడవలెను. అట్లు చూచినవారికి కాకతీయుల విషయమున రెండు గట్టి సాక్ష్యములు దొరకినవి. తూర్పు చాళుక్యరాజు దానార్ణవుడు 956లో ఇచ్చిన మాంగల్లు శాసనమున గుండ్యన, ఎఱియ, బేతియ మొదలగు పూర్వులు కనబడుదురు. గణపతిదేవుని సోదరి మైలమ బయ్యారము చెరువు త్రవ్వించి వేయించిన శాసనమున వెన్నడు, గుండలు, ఎఱ్ఱడు, బేతడు మొదలుకొని తన తోబుట్టువు వఱకు వరుస చెప్పబడినది. రెండున్నర శతాబ్దములు ఎడముగా, ఒకరి సంగతి ఒకరికి తెలియక వ్రాయబడిన రెండు శాసనములు పెక్కు పేళ్లలో ఏకీభవించినప్పుడు ఆ వరుసను నమ్మవచ్చును. షజ్రా విచారణలో వేర్వేరు ఊళ్ల సాక్షులు ఒకే మాట చెప్పినట్లు!

ఒక్క పేరు, పలువురు మనుష్యులు

వంశవృక్షము వ్రాయువారిని అన్నిటికంటె తికమక పెట్టునది తాతపేరు మనుమనికి పెట్టు ఆచారము. రేచర్లవారిలో సింగమ కొడుకు అనపోతడు, అనపోతని కొడుకు సింగడు, ఆ సింగని కొడుకు మరల అనపోతడు. మాదడు, వేదగిరి, దాచడు అను పేళ్లును ఇట్లే రెండు శాఖలలోను మరల మరల వచ్చును. ఒక సింగని యుద్ధము మరియొక సింగనికి, ఒక సింగని కావ్యము ఇంకొక సింగనికి అంటగట్టుట సులభము. సర్వజ్ఞ సింగని ఆస్థానమునకు శ్రీనాథుడు వచ్చెననియు, పోతన భోగినీదండకము చెప్పెననియు ప్రచారములోనున్న కథలలో ఏ సింగడు అన్న వివాదము దీనివలననే పుట్టినది.

దీనికి విరుగుడు కాలగణనము. తండ్రికొడుకుల నడుమ సగటున ఇరువదియైదు ముప్పది యేండ్ల ఎడముండును. 1262 నాటి ప్రసాదిత్యుడు మొదలు 1616 నాటి వెలుగోటి యాచమనాయని వఱకు మూడువందల యేబదినాలుగేండ్లు. ఆ మధ్య పండ్రెండు మొదలు పదునాలుగు తరము లుండవలెను. ఎవరేని ఐదు తరములే చూపినచో పేళ్లు జారిపోయినవనియు, ఇరువది తరములు చూపినచో అన్నదమ్ములను తండ్రికొడుకులుగా నిలువున పేర్చిరనియు గ్రహింపవలెను. శాసనమందలి తేదీ మేకువంటిది. మేకులు పాతిన తరువాత వాని నడుమ త్రాడు లాగుట కష్టము కాదు.

స్త్రీల పేళ్లు

పొగడ్తపద్యములలో స్త్రీల పేళ్లు అరుదు. వంశము మగవారితోనే నడచినట్లు కనబడును. అయినను రాళ్లు వారిని మరువలేదు. బయ్యారపు మైలమను పైన చెప్పుకొంటిమి. రాచకొండ సమీపమున నాగారములో 1429 నాటి శాసనము ఒకటి కలదు. రాచకొండ నేలిన మాధవుని పత్ని నాగాంబిక నాగసముద్రమను చెరువు కట్టించిన సంగతి దానివలన తెలియుచున్నది. కాకతీయుల పూర్వులను తెలిపినది ఒక ఆడుబిడ్డ చెరువు. రాచకొండ పాలకుల కడపటి దినములకు తేదీ నిచ్చినది ఒక ఇల్లాలి చెరువు. యుద్ధములు గెలిచినవారి కంటె నీరు నిలిపినవారి రాయి ఎక్కువ కాలము నిలుచుట చూడ ముచ్చటయగును. వంశవృక్షము వ్రాయువారు కోడండ్ర పుట్టినిండ్లను, ఆడబిడ్డల మెట్టినిండ్లను విడిచినచో సగము చెట్టును నరకినట్లే. ఊళ్ల నడుమ రాకపోకలు, పొలముల మార్పిడులు, కష్టకాలమున ఆశ్రయములు ఆ సంబంధములవలననే జరిగినవి.

రాచకొండనుండి వెంకటగిరికి

1430వ దశకమున రాచకొండ బహమనీల వశమయ్యెను. దేవరకొండ శాఖ మరికొంతకాలము నిలిచెను. 1458-59లో హుమాయూన్ షా సేనలు దేవరకొండను ముట్టడింపగా, లింగమనాయకుడు కపిలేశ్వర గజపతి సేనల తోడ్పాటుతో వారిని ఓడించెను. 1460లో ఓరుగల్లు గజపతుల చేతికి వచ్చినట్లు అక్కడి శాసనము చెప్పుచున్నది. ఆ జయము స్థిరము కాలేదు. క్రమముగా రేచర్లవారు కృష్ణ దాటి విజయనగర రాజుల కొలువు చేరిరి. కర్నూలు సీమలోని వెలుగోడు వారి కాపురమై, దానినిబట్టి వెలుగోటి యను ఇంటిపేరు వచ్చెను. గోత్రము రేచర్లయే, ఇంటిపేరు కొత్త ఊరిది. ఊరు మారినచో ఇంటిపేరు మారుట మన దేశమున సర్వసాధారణము. ఇంటిపేరు ఒక్కటిగా నున్నవారందరు ఒక్క వంశమువారు కారు. ఇంటిపేళ్లు వేరైనంత మాత్రమున వేరు వంశములును కావు.

వెలుగోటివారిలో మిక్కిలి ప్రసిద్ధుడు యాచమనాయకుడు. 1614లో గొబ్బూరి జగ్గరాయడు రెండవ శ్రీరంగరాయలను సకుటుంబముగా చంపించెను. ఆ కుటుంబమున రామదేవుడను బాలుడొక్కడు మిగిలెను. యాచమనాయకుడు ఒక చాకలివాని చేత ఆ బాలుని బట్టలమూటలో పెట్టించి కోటనుండి బయటికి తెప్పించెనని బర్రదాసు అను పోర్చుగీసు పాదిరి 1616 డిసెంబరు 12వ తేదీన వ్రాసిన జాబులో చెప్పెను. తోపూరు యుద్ధమున జగ్గరాయడు కూలెను, బాలుడు రాజయ్యెను. ఆ చాకలి పేరు జాబులో లేదు. మూట చూచిన కావలివాడు ఒక్క ముడి విప్పినచో చాకలి తల తెగియుండును. ఆ రాజసంతతి అంతరించియుండును. వంశావళులలో యాచమనాయని బిరుదములు బారులు తీరియున్నవి. రేచనికి పేరైన మిగిలెను; ఈతనికి పేరు సైతము మిగులలేదు.

తరువాత గొబ్బూరివారి కలిమిలి వెలుగోటివారి వశమై వెంకటగిరి యని పిలువబడెను. 1802లో ఆ సంస్థానమునకు ఇంగ్లీషు కుంపిణీ శాశ్వత సన్నదు నిచ్చెను. 1652లో షేర్ మహమ్మదు ఖానుని వెంట ఉత్తరదేశమునకు పోయిన పెద్దరాయుడు బొబ్బిలి సంస్థానమును నెలకొల్పెను. అతడును ఈ వంశపు కొమ్మయే యని వారి చరిత్ర. 1757లో బొబ్బిలియుద్ధమున ప్రాణములొడ్డినవారు ఆ శాఖవారు.

దత్తత, రక్తము

పందొమ్మిదవ శతాబ్దమున ఈ వంశము మరియొక విచిత్రమును చూపెను. వెంకటగిరి ప్రభువగు వెలుగోటి సర్వజ్ఞకుమార యాచేంద్రుని కుమారులు పలు సంస్థానములకు దత్తులుగా పోయిరి. ఒకరు 1871లో బొబ్బిలికి దత్తుడై వెంకటశ్వేతాచలపతి రంగారావను పేర ప్రసిద్ధి కెక్కెను. ఒకరు 1873లో పిఠాపురమునకు పోయెను. ఒకరు మన తెలంగాణమున జటప్రోలు సంస్థానమునకు వచ్చి సురభి వెంకటలక్ష్మారావుగా కొల్లాపురమునుండి పరిపాలించెను. సురభివారును రేచర్లగోత్రజులే, చంద్రికాపరిణయ ప్రబంధమును రచించిన సురభి మాధవరాయలు వారిలోనివాడు. నాలుగువందల యేండ్ల క్రిందట కృష్ణ దాటిపోయిన రక్తము దత్తత రూపమున మరల ఇవ్వలి యొడ్డు చేరెను.

పిఠాపురమున మాత్రము దత్తత వ్యాజ్యమునకు దారితీసెను. దత్తత జరిగిన తరువాత రాజునకు కుమారుడు కలిగెను. రాజు మరణశాసనముచే సంస్థానమును ఆ కుమారునికి వ్రాసెను. దత్తుడు న్యాయస్థానములకు ఎక్కెను. 1899లో ప్రీవీ కౌన్సిలు దత్తుని వాదమును కాదని మరణశాసనమును నిలబెట్టెను. సంస్థానము పొందిన ఆ కుమారుడే, ప్రతి గ్రంథాలయమునకు అలంకారమైన సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకుడైన సూర్యారావుగారు. వంశవృక్షమున ఒక గీత ఎట్లు గీయవలెనను ప్రశ్న సముద్రము దాటి లండను వఱకు పోయెనని దీనివలన తెలియును. దత్తుని జనకవంశమును, దత్తవంశమును రెంటిని వ్రాసిననే గాని వృక్షము సత్యము కాదు.

1948లో మదరాసు ప్రభుత్వము చేసిన చట్టముచే జమీందారీలు పోయినవి. 1949 ఆగస్టు 15న హైదరాబాదు రాజ్యమున జాగీర్లు రద్దయ్యెను. రాజ్యములు పోయినను వంశావళి మిగిలెను. అది అచ్చుపడి గ్రంథాలయములకు చేరెను గనుక!

సామాన్యుని వంశావళి

ఇంత చెప్పినది రాజుల గొప్ప చాటుటకు గాదు. వారికి భట్టులు, శాసనములు, న్యాయస్థానములు ఉన్నవి. సామాన్యునకు ఏమున్నది? ఉన్నది. సేత్వారులో ప్రతి సర్వే నంబరునకు పట్టాదారుని పేరు, అతని తండ్రి పేరు కలదు. 1954-55 నాటి ఖస్రా పహణీలో పట్టాదారుతోపాటు సాగు చేయువాని పేరును వ్రాసిరి. పట్టాలేని కౌలుదారుని తాతపేరు వెదకువారికి ఇదియే శాసనము. కాశీ, గయ పోయివచ్చిన కుటుంబముల పేళ్లు అచటి పండాల పుస్తకములలో నుండును. ఊరి బయట వీరగల్లు ఏ ఇంటివారు పూజింతురో అడిగి తెలిసికొనవచ్చును. పాత కాగితములందు ఫసలీ సంవత్సరమున్నచో 590 కలిపినయెడల క్రీస్తుశకము వచ్చును. 1358 ఫసలీ యనగా 1948-49. శాలివాహనశకమునకు 78 కలుపవలెను.

తేదీ ఎరుగని ముసలివారిని పుట్టిన సంవత్సరము అడుగుట వ్యర్థము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు మీ నాయనమ్మ చంటిబిడ్డయా, పెండ్లీడు పిల్లయా అని వారు విన్నది అడుగవలెను. 1918 నాటి విషజ్వరమున ఇంట ఎవరు పోయిరి, 1948 పోలీసుచర్యనాటికి ఎవరెవరు ఊరు విడిచిరి అని అడిగినచో వరుస దానంతట అదియే కుదురును. ఒకరు చెప్పినది ఇద్దరితో సరిచూడవలెను. విన్నది విన్నట్లు, చదివినది చదివినట్లు వేరువేరుగా వ్రాయవలెను. తెలియనిచోట ఖాళీ విడువవలెనే గాని గొప్ప పేరు తెచ్చి నింపరాదు. జీతముండినవారిని, పాలిచ్చినవారిని, ఆపదలో దాచినవారిని అదే పుటలో చేర్పవలెను. రేచని పేరు దాచని వంశము ఆ విషయమున మనకు మార్గదర్శకము.

ఈ పని వాయిదా వేయదగినది కాదు. నగరము హయత్‌నగరమును దాటి వచ్చినది. కుతుబ్‌షాహీ రాణి హయాత్‌బక్షీబేగము పేర వెలసిన ఆ ఊరు నేడు పట్టణములో కలిసిపోయెను. గడ్డిఅన్నారమునుండి పండ్ల మార్కెట్టు బాటసింగారమునకే తరలివచ్చెను. పొలములు చేతులు మారినకొలది హద్దురాళ్లతోపాటు పొలముల పేళ్లును, ఆ పేళ్లలో దాగిన మనుష్యుల పేళ్లును పోవుచున్నవి. ఫలానా వారి బావి, ఫలానా వారి మడి అనునవి చెప్పుకొనుటకు సైతము మిగులకున్నవి. భూమి పోయిన కుటుంబమునకు పేరును పోయినచో, ఆ ఊరిలో ఆ కుటుంబ ముండినదని చెప్పు సాక్ష్యమేది?

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు మున్నగు పెద్దలు గ్రంథాలయమును పుస్తకములు చదువు చోటుగా మాత్రమే తలంపలేదు. ప్రజలు తమ్ము తాము తెలిసికొను చోటుగా తలంచిరి. రజతోత్సవము జరుపుకొను గ్రామ గ్రంథాలయమునకు తగిన పని ఒకటి కలదు. గట్టి అట్టవేసిన ఒక పెద్ద పుస్తకమున ఇంటింటికి నాలుగు పుటలు కేటాయించి, కులభేదము లేక, ఊరిలో నున్నవారివి, ఊరు విడిచిపోయినవారివి తరములు వ్రాయించి బీరువాలో భద్రపరచవచ్చును. ప్రతి ఉగాదికి పుట్టినవారిని, గతించినవారిని, వచ్చిన కోడండ్రను, పోయిన ఆడబిడ్డలను చేర్చుచుండవచ్చును. స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకము తెరచిన బాలుడు తన ముత్తాతను దాటి మరి రెండు పేళ్లు చదువగలిగినచో ఈ ఊరి గ్రంథాలయము తన ఋణము తీర్చుకొన్నట్లే.